ఉడకబెట్టిన విత్తనం

ఆ రోజుల్లో ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని అనుమానించడానికి జనానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పెళ్ళి కాకపోవడం, గదికి తాళం వేసుకుని తిరగడం, సాయంత్రం పూట నలుగురిలో కూర్చోకపోవడం చాలు. ఇవన్నీ నాలో పుష్కలంగా ఉండేవి. పంచాయతీ సమితులు అప్పుడప్పుడే కుదురుకుంటున్న కాలం అది. ఇచ్చోడ నుంచి వచ్చి మెట్‌పల్లిలో గ్రామసేవక్‌గా చేరాను. అంటే సైకిలు మీద రైతుల దగ్గరికి వెళ్ళి, ఎరువు గుంట ఎలా తవ్వాలో, నాట్లు వరసలో ఎలా వేయాలో, తాతల నాటి నుంచి సేద్యం చేస్తున్నవాళ్ళకు మీసాలు సరిగా రాని వయసులో నేర్పడం. (వాళ్ళెంత మర్యాదస్తులో అప్పుడు నాకు తెలియలేదు. నా ముందు ఒక్కరూ నవ్వలేదు.) ఆ ఊరు నన్ను ఎలా అనుమానించిందో చాలా ఏళ్ళు కథలు కథలుగా చెప్పి అందరినీ నవ్వించాను. నేను ఆ ఊరిని ఎంత అనుమానించానో మాత్రం దాటవేస్తూ వచ్చాను. ఈసారి అది కూడా చెబుతాను.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలిని వీధంతా గడపవ్వ అనేవారు. పొద్దున ముఖం కడుక్కుని గడప మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. చింతపండు గింజలు తీసినా, వచ్చేపోయేవాళ్ళ యోగక్షేమాలు తీసినా అక్కడే. నా గది వెనక వైపు. బయటికి పోవాలంటే ఆవిడ పక్కనుంచి ఒదిగి పోవాలి. పోయిన ప్రతిసారీ ఆవిడ నా చేతి సంచి వైపు చూసేది. నా గది రెండో తాళంచెవి ఆవిడ కొంగుకే ఉండేది. అయినా మనసు చెడ్డది కాదు. పొద్దున పూట ఒక జొన్నరొట్టె, కారం నా గుమ్మంలో పెట్టి, "తింటవా, పారేస్తవా, నీ ఇష్టం" అని వెళ్ళిపోయేది.

మా పెద్దసారు కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారు. కొత్త విషయమంటే ఆయనకు మహా ఉత్సాహం. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచే విద్య నేర్చుకు రమ్మని నన్ను హైదరాబాదు పంపారు. తిరిగి వచ్చిన రోజే ఆఫీసులో నిలబెట్టి చెప్పారు. "గడ్డి ఎవరైనా పరుస్తారయ్యా. దానికి వేసే విత్తనం ఇంట్లోనే తయారు చేయొచ్చని రైతులకు చూపించాలి. చూపించావనుకో, నీ ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాస్తాను. లేదంటే నీ సైకిలు ఆఫీసులో అప్పగించి మీ ఊరు వెళ్ళొచ్చు." అప్పటికే మా బాపు, కొడుకు సర్కారు అఫ్సర్ అయిండని ఇచ్చోడ అంగడిలో కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. సైకిలు లేకుండా ఆ అంగడి మధ్యలో నడిచి ఇంటికి పోవడం కంటే ఏ విత్తనమైనా తయారు చేయడమే నయం అనుకున్నాను.

విత్తనం తయారీ చెప్పడానికి తేలిక. జొన్నలు నానబెట్టి, పగలకుండా సగం ఉడికించి, బట్ట మీద ఆరబోసి, కాస్త సుద్దపొడి కలిపి సీసాల్లో నింపాలి. మూతికి దూది బిరడా పెట్టి, కాగితం కట్టి, ఏ క్రిమీ మిగలకుండా సీసాలను ఆవిరిలో బాగా ఉడికించాలి. చల్లారాక, హైదరాబాదు నుంచి తెచ్చిన తల్లి విత్తనం ముక్కను దీపం పక్కన జాగ్రత్తగా అందులో వేసి మళ్ళీ మూసేయాలి. అది దూది పోగుల్లా గింజల మీద అల్లుకుపోతుంది. అల్లుకున్న ఆ జొన్నలే విత్తనం. సీసాలు ఆసుపత్రి కంపౌండరును బతిమాలి తెచ్చుకున్నాను. ఆవిరికి గడపవ్వ నీళ్ళ కాగు అడిగి తీసుకుని, మూత మీద బండరాయి పెట్టాను. పెరట్లో పొయ్యి వెలిగించేసరికి, ఎన్నడూ గడప వదలని మనిషి లేచి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"విత్తనం అవ్వా. పుట్టకొక్కుల విత్తనం." (మా వైపు పుట్టగొడుగులను అలాగే అంటారు.)

"జొన్నలు ఉడకవెడుతున్నవ్ గద?"

"అవ్. గవే విత్తనం."

ఆవిడ కాసేపు పొయ్యి వైపు, కాసేపు నా వైపు చూసింది. "ఉడకవెట్టిన గింజ మొలుస్తదా? పుట్టకొక్కులు ఉరుము ఉరిమితే వస్తయి. నువ్వు ఉరుముతవా?"

"మొలిచేది గింజ గాదవ్వా. గింజ మీద వేరేది మొలుస్తది."

ఈ మాట నేను అనకుండా ఉండాల్సింది. "వేరేదంటే?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

"తెల్లగ, దారాల లెక్క ఉంటది. ముందుగాల కండ్లకు కనవడది. మెల్లగ లోపలంత అల్లుకుంటది."

గడపవ్వ వెనక్కి నడిచింది. మరునాటికి నా గుమ్మానికి ఒక నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

దూది ఇచ్చింది పక్క ఇంట్లో పరుపులు కుట్టే చిచ్చా. (చిన్నాన్న అని వీధంతా పిలిచేది అలాగే.) నెమ్మది మనిషి. ఎందుకని అడగకుండానే శుభ్రంగా ఏకిన దూది ఇచ్చాడు గానీ, ఆ సాయంత్రమే ఏదో నెపం మీద నా గదిలోకి తొంగిచూశాడు. గోడ వారన సీసాలు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కో దాని మూతిలో తెల్లటి దూది. చనిపోయినవాళ్ళ ముక్కుల్లో దూది పెట్టడం మా వైపు అందరూ చూసిందే. చిచ్చా వెనకే వచ్చిన గడపవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదేంది, అందరికి ముక్కుల్ల పత్తి వెట్టి పండుకోవెట్టిండు" అంది. చిచ్చా మాత్రం గాలి పీల్చి చూశాడు. చేతులు తుడుచుకోవడానికి తెచ్చిన స్పిరిటు వాసన, ఉడికిన జొన్నల వాసన, మూలకు ఆవిరి కాగు. ఆయన ముఖం వెలిగింది.

"సార్, మాల్ తయారైనంక జర మమ్ముల యాది వెట్టుకోన్రి" అన్నాడు గుసగుసగా.

"గది సారా గాదు చిచ్చా. పుట్టకొక్కులు."

"అవ్ సార్. ఎవలన్న అడిగితే నేను గూడ గదే చెప్త. ఫికర్ జెయ్యకున్రి."

ఇలా ఒకరి లెక్కలో బాణామతి చేతబడి, ఇంకొకరి లెక్కలో సారా బట్టీ నడుపుతూ నేను కొన్ని రోజులు హాయిగానే ఉన్నాను. సీసాల్లో తెల్లటి పోగులు సన్నగా మొదలయ్యాయి. తొలి ఉద్యోగంలో తొలి విజయం. కానీ సరిగ్గా అక్కడే ఒక సీసాలో పచ్చటి మచ్చ కనపడింది. బూజు. గాలి తగిలితే, చెయ్యి తగిలితే వచ్చే బూజు. నేను ముట్టుకోలేదు. (అని నా నమ్మకం.) మరి ఎవరు ముట్టుకున్నట్టు? రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అనుమానం మొదలయ్యాక నాకు క్షణం నిలకడ ఉండేది కాదు. ప్రతి బిరడాకు ఎవరికీ తెలియని ముడి ఒకటి వేశాను. పొద్దున లేవగానే ముడి అలాగే ఉందో లేదో విప్పి చూసేవాడిని. విప్పాక, ఎవరైనా లోపల వేలు పెట్టారేమోనని బిరడా కొంచెం లాగి వాసన చూసేవాడిని. మళ్ళీ కట్టేవాడిని. ఆఫీసుకు పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఇదే పని. ఇంకో సీసా పచ్చబడింది. ఆ తర్వాత దాని పక్కది. నా అనుమానం గట్టిపడింది. ఇంకా ఎక్కువసార్లు విప్పి చూడసాగాను. చదువుకున్న మూర్ఖుడికి తన చెయ్యి కూడా చెయ్యే అని గుర్తుకు రావడం కష్టం. అంతలో ఒక రోజు మొదటిసారిగా సీసాలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది.

నేరుగా గడప దగ్గరికి వెళ్ళాను. వీధిలో జనం ఉన్నారు. అది కూడా నాకు కనపడింది. అయినా ఆగలేదు.

"అవ్వా, నా సీస ఒకటి కనవడ్తలేదు."

"నీ సీసల సంగతి నాకేం ఎరుక?"

"రెండో తాళంచెవి నీ కొంగుకే ఉన్నది గద."

ఆవిడ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. "నా ఇంటి తాళంచెవి నా కొంగుకు గాక నీ ధోతికి కట్టాల్నా?" అంది. గొంతులో కోపం ఉంది గానీ కళ్ళు మాత్రం నా వైపు చూడలేదు. దాంతో నాకు రూఢి అయిపోయింది. "దొంగతనం జేసినోళ్ళు గట్లనే మాట్లాడ్తరు" అనేశాను. చిచ్చా దారం, సూది పట్టుకునే పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "పెద్దమనిషి సార్. గంత మాట అనకున్రి" అని, నన్ను పక్కకు లాగి చెవిలో, "మాల్ కడక్ ఉన్నదని ఎవడన్న ఎత్కపోయిండు కావచ్చు" అన్నాడు.

మరునాటి నుంచి రొట్టె రాలేదు.

పెద్దసారు రైతులను వెంటబెట్టుకుని వచ్చే రోజు రానే వచ్చింది. ఆ పొద్దు సీసాలు చూస్తే కొన్ని పచ్చగా, కొన్ని నల్లగా, ఒకటో రెండో ఆ రెండు రంగుల్లోనూ ఉన్నాయి. పెద్దసారు పెరట్లో ఎండకు ఒక్కొక్క సీసా ఎత్తి పట్టుకున్నారు. ఒకటి కింద పెట్టారు. ఇంకోటి కింద పెట్టారు. రైతులు తలపాగాలు సర్దుకుంటూ మర్యాదగా వేరే వైపు చూశారు.

"ఎవరయ్యా వీటిని తెరిచింది? దూది నిండా వేళ్ళ మరకలే ఉన్నాయి."

నేను తలవంచుకుని, అందరికీ వినపడేలా, "నేను కాదు సార్. ఈ ఇంట్లో తాళంచెవి నా ఒక్కడి దగ్గరే లేదు" అన్నాను. ఉద్యోగం పోతున్నప్పుడు నా నోటికి వచ్చిన మాట అది. ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

గడపవ్వ గడప మీదనుంచి లేచింది. లోపలికి పోయి, ఊక నింపుకునే వెదురు గుమ్మిలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికి, ఏదో తీసి బట్టతో పట్టుకుని వచ్చింది. నా సీసా. దాన్ని పెద్దసారు ముందు నేల మీద పెట్టి, దూరం జరిగి నా వైపు తిరిగింది.

"నేను తీసింది గిదొక్కటే, నువ్వు దారం ముడులు ఏయకముందు. మా తమ్మునికి మంత్రాలు ఎరుకే, వస్తే జూపిద్దామని దాచిన. భయానికి మూత గూడ ముట్టలే. కడ్మ సీసలు నేను ముట్టుకోలే. రోజు పొద్దుగాల లేచి దారం విప్పుడు, పత్తి గుంజుడు, వాసన జూసుడు, మల్ల కట్టుడు, గదంత నువ్వే జేసినవ్. కిటికీలకెళ్ళి జూసిన. మంత్రం ఏస్తున్నవనుకున్న."

పెద్దసారు ఆ మాటలు వినలేదు. ఆయన సీసాను ఎండకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లోపల ఒక్క గింజ కనపడటం లేదు. అడుగు నుంచి మెడ దాకా పాలమీగడలా తెల్లగా అల్లుకుపోయి ఉంది.

"అద్భుతం. దీన్ని ఎక్కడ పెట్టావయ్యా?"

"ఊకలో సార్" అన్నాను, సీసాకు అంటిన ఊక చూసి.

"చూశారా, చీకటిగా, వేడి మారకుండా ఉండాలని ఊకలో దాచాడు మన గ్రామసేవక్" అని ఆయన రైతులకు వివరించారు. రైతులు తలలూపారు. నేనూ తలూపాను. దాచింది నేను కాదని చెప్పడానికి బోలెడంత సమయం ఉండింది. ఆ సమయమంతా నేను తలూపుతూనే గడిపాను. ఉద్యోగం ఖాయం చేయమని ఆయన ఆ వారంలోనే రాశారు.

ఆ సాయంత్రం గడప దగ్గర నిలబడి, "తప్పైంది అవ్వా. దొంగవన్న. సారుకు గూడ నీ పేరు చెప్పలే" అన్నాను.

ఆవిడ చింతపండు వదలకుండానే, "చెప్పకపోతివి, మంచిగైంది. సర్కారు సీస ఎత్కపోయిన అని జైల్ల ఏస్తరేమో అని నా పానం పానంల లేదు" అంది. నేను దిగమింగుకున్న సిగ్గంతా ఆవిడ లెక్కలో నేను చేసిన ఉపకారం. అది కాదని చెప్పబోయాను. ఆవిడ వినలేదు. మరునాడు పొద్దున గుమ్మంలో రొట్టె కనపడింది.

ఆ ఒక్క సీసాతో పశువుల కొట్టంలో గడ్డి పరిచి విత్తనం చల్లాను. కొన్నాళ్ళకు నిజంగానే పుట్టగొడుగులు వచ్చాయి, ఉరుము లేకుండానే. స్టవ్ మీద ఉల్లిగడ్డ వేసి కూర వండి, గిన్నె తీసుకెళ్ళి గడపవ్వ ముందు పెట్టాను. ఆవిడ వాసన చూసింది. గిన్నె నా వైపు తోసింది.

"ముందుగాల నువ్వు తిను."

తిన్నాను. ఆవిడ గడప మీద ముందుకు వంగి నా నోటినే చూస్తూ కూర్చుంది.

"కడుపుల ఏమన్న అయితుందా?"

"లేదవ్వా."

"కండ్లు తిరుగుతలేవా?"

"లేదు."

"ఇంకో ముద్ద తిను, జూస్త."

తిన్నాను. ఇంకోటి తినమంది. నాలుక చూపించమంది. నిలబడి నాలుగడుగులు నడవమంది. మళ్ళీ కూర్చుని తినమంది. చివరికి నమ్మకం కుదిరి చెయ్యి చాచేసరికి గిన్నెలో ఏమీ మిగల్లేదు. ఆవిడ ఖాళీ గిన్నెను వంచి చూసింది. "సూసినవా, ముసలిదానికి ఒక్క ముద్ద గూడ ఉంచలే" అంది పక్కింటి చిచ్చాకు వినపడేలా.

ఆ తర్వాత ఉద్యోగం మీద ఎన్నో ఊళ్ళు తిరిగాను. నస్పూర్ దగ్గర హోటళ్ళలో తిన్నాను, పెద్ద పెద్దవాళ్ళ పెళ్ళి విందుల్లో తిన్నాను, ఇప్పుడు కోడలు వడ్డిస్తే తింటున్నాను. అందరూ ప్రేమగానే పెట్టారు. కానీ నేను మింగే ఒక్కో ముద్దను అంత శ్రద్ధగా, కన్నార్పకుండా చూసినవాళ్ళు మళ్ళీ దొరకలేదు. నేను చస్తానేమోనని చూసిందే అనుకోండి. అయినా అంతసేపు చూసింది.