మోత పోయాక వినిపించిన గొంతులు

గోనెసంచి మూతి విప్పగానే నేను ముక్కు మూసుకుని షాపు బయటికి వెళ్లి నిలబడ్డాను. ఎలుక ఉచ్చ కంపు, దానికి తోడు మక్కిపోయిన వేరుశనగ చెక్క వాసన. సంచి తెచ్చినాయన మాత్రం నా కుర్చీలోనే కూర్చుని ఫ్యాను వేగం పెంచమన్నాడు.

ఆయనది గిద్దలూరు. నూనెల దుకాణం, వెనకాల గోడౌను, ఊళ్లో పలుకుబడి.

"మా అన్న పెళ్లి క్యాసెట్లు అమ్మాయ్. మీ నాయనే తీసినాడు. ఇప్పుడు అన్నకు షష్టిపూర్తి చేస్తా ఉండాం. పెద్ద స్క్రీను మీద ఎయ్యాల. బొమ్మ కొత్త సినిమా లెక్క ఉండాల" అన్నాడు.

"ఇన్నేళ్లు ఎక్కడ పెట్టినారన్నా వీటిని?"

"యాడ పెడతాం? చెక్క బస్తాల కింద పడుండినాయి."

మా జిల్లాను విడగొట్టి కందుకూరు ఒకపక్కకి, అద్దంకి ఇంకోపక్కకి పంపేసిన తర్వాతి ఎండాకాలం అది. మార్కాపురంలో మా నాయన పెట్టిన ఫొటో స్టూడియోను ఆయన పోయిన తర్వాత నేనే నడుపుతున్నాను. పెళ్లిళ్లకు ఒంగోలు నుంచి డ్రోన్లు వేసుకుని వస్తున్నారు కాబట్టి మాకు మిగిలింది పాస్‌పోర్టు ఫొటోలూ లామినేషనూ. దాంతో పాత వీడియో క్యాసెట్లను కంప్యూటర్ ఫైళ్లుగా మార్చే పని మొదలుపెట్టాను. క్యాసెట్‌ను వీసీఆర్‌లో ఆడించాలి, ఆ బొమ్మను క్యాప్చర్ డాంగిల్ అనే చిన్న పరికరం కంప్యూటర్‌లోకి పంపుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని రికార్డు చేస్తుంది. చెప్పుకుంటే ఇంతే.

ఆ క్యాసెట్ల మూతలు తీస్తే రీలు చుట్ట మీద తెల్లగా బూజు. ఒకదాంట్లో బొద్దింక గుడ్ల తిత్తులు వరసగా అతుక్కుని ఉన్నాయి. పట్టకారుతో పీకితే ఒకటి చిట్లి నా వేలి మీద పడింది. సబ్బుతో ఎంత కడిగినా ఆ వేలితో అన్నం కలపబుద్ధి కాక చెంచాతో తిన్నాను. మూతికి గుడ్డ కట్టుకుని, వరండాలో కూర్చుని, స్పిరిట్‌లో తడిపిన మెత్తటి బట్టతో రీలును కొంచెం కొంచెంగా తుడిచాను. అయినా వీసీఆర్‌లో పెట్టిన కాసేపటికే తెర నిండా మంచు కురిసినట్టయింది. పైమూత విప్పి చూస్తే, బొమ్మను చదివే హెడ్ మీద నల్లటి జిగురు. చెవిలో గుబిలి తీసినట్టు తీయాల్సి వచ్చింది.

ఇక డాంగిల్ సంగతి. ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద నవ్వుతున్న తెల్లవాళ్ల కుటుంబం, లోపల అక్షరాలు కూడా సరిగా అచ్చుకాని కాగితం. దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నేను అడగనివి ఇంకో నాలుగు ఎక్కి, పేకాట ప్రకటనలు చూపించడం మొదలుపెట్టాయి. దాన్ని పీకేసి ఉచితమని ఉన్న ఇంకోటి వేస్తే, అది పెళ్లికూతురి ముఖం మీద తన పేరును అడ్డంగా అచ్చేసింది. బొమ్మ అడుగున గీతలు వణుకుతున్నాయి. మాట ముందు, పెదాలు వెనక. తాళి కట్టే ఘట్టం వచ్చేసరికి బాజాలు వాయించేసి ఊరుకున్నారు, పెళ్లికొడుకు ఇంకా ముడి వేస్తూనే ఉన్నాడు.

ఎందుకిలా అవుతోందో చూద్దామని డాంగిల్‌ను స్క్రూడ్రైవరుతో తెరిచాను. లోపల గోరంత బోర్డు, దాని పక్కన జిగురుతో అతికించిన ఇనప ముక్క. బరువుగా ఉంటే మంచి సరుకనుకుంటారని. చాలాసేపు ఆ ఇనప ముక్కనే చూస్తూ కూర్చున్నాను. తయారుచేసినవాడి మీద వచ్చిన అసహ్యం, కొన్న నా మీద కూడా వచ్చింది.

కేబుల్ టీవీ నడిపి మానేసిన ఒకాయన దగ్గర లోపల క్యాప్చర్ కార్డు బిగించిన పాత కంప్యూటరు, ఒక డీవీడీ రికార్డరు ఉంటే తెచ్చుకున్నాను. వీసీఆర్ నుంచి వచ్చే బొమ్మను నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వకుండా ఆ రికార్డరు గుండా పోనిచ్చాను. అరిగిన టేపు నుంచి తడబడుతూ వచ్చే బొమ్మను అది సరిచేసి పంపుతుంది. గీతల వణుకు ఆగిపోయింది. ఎన్ని ఫ్రేములు జారిపోతున్నాయో చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతుక్కుని వేశాను. బొమ్మ ఒక దారిన, శబ్దం ఇంకో దారిన లోపలికి వస్తున్నందువల్లే రెండిటికీ పొత్తు కుదరడం లేదని తెలిసి, రెండిటినీ ఒకే కార్డు నుంచి తీసుకునేట్టు మార్చాను. బాజాలూ తాళీ కలిశాయి.

ఒక్క మోత మాత్రం పోలేదు. మాటల వెనక గుయ్ మని ఆగకుండా ఒకటే హోరు. వైర్లు మార్చాను, ఫ్యాను ఆపాను, ట్యూబులైటు ఆపాను. చివరికి ప్లగ్గు పరీక్షిస్తే ఎర్తింగ్ లేదు. షాపు వెనక ఎర్తింగ్ గుంత ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది. అందులో తడి ఉంటేనే ఎర్తింగ్ పనిచేస్తుంది. మనుషులు తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లో గుంతకు నీళ్లెవరు పోస్తారు? ఉప్పు చల్లి, నా వంతు నీళ్లలోంచి రెండు బకెట్లు తెచ్చి పోశాను. పక్కింటామె చూసి, "మట్టికి పోస్తున్నావేందే, పిచ్చిగాని పట్టిందా?" అని తిట్టింది.

లోపలికొచ్చి క్యాసెట్ మళ్లీ పెట్టాను. మోత పోయింది. మంత్రాలు, గిన్నెల చప్పుడు, ఎవరో చంటిపిల్ల ఏడుపు, అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. నాకు ఎంత సంతోషమైందంటే, వెంటనే ఆ వ్యాపారికి ఫోను చేసి వచ్చి చూసుకోమన్నాను.

ఆయన మరుసటి రోజు పొద్దున వచ్చాడు. టీ తాగుతూ చూస్తున్నాడు. భోజనాల బంతి వచ్చింది. కెమెరా బంతి వెంట నడిచి పందిరి చివరికి వచ్చి, బయటికి తిరిగింది. అక్కడ ఎండలో, పందిరి నీడ దాటిన చోట, కొంతమంది నేల మీద కూర్చుని ఉన్నారు. పుల్లలచెరువు పక్క నుంచి పెళ్లిపనులకు పిలిపించిన కూలివాళ్లని వ్యాపారే చెప్పాడు. ఒకడు చెంబు ఎత్తి పట్టుకుని, తగలకుండా పైనుంచి వాళ్ల దోసిళ్లలోకి నీళ్లు పోస్తున్నాడు. ఒక ముసలాయన ఆకు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడు ఒక కుర్ర గొంతు ఖంగుమని వినిపించింది.

"ఏందిరా, మళ్లా వచ్చినావు? ఇంటిల్లిపాదికీ ఈడనే మేత అనుకున్నావా? పోయి ఎంగిలాకులెత్తు పో. నీకు కావాల్సింది అందులోనే దొరుకుతాది."

చుట్టూ నవ్వులు. ముసలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను కళ్లు పక్కకి తిప్పుకున్నాను. వెంటనే అదే కుర్ర గొంతు, "ఓయ్, కెమెరా ఇటెందుకు? పందిట్లోకి తిప్పు" అంది.

"అట్లే సార్. తిప్పినా సార్."

ఇది మా నాయన గొంతు. కెమెరా గబుక్కున తిరిగి, స్తంభానికి కట్టిన పూలదండ మీద ఆగింది.

వ్యాపారి టీ గ్లాసు కింద పెట్టి, నిటారుగా కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఆ గొంతు ఎవురిదనుకుంటివి? నాదే! చూసినావా, ఎంత గట్టిగా ఉండేదో. అప్పుడు నేను అరిస్తే బజారంతా వినపడేది." కాసేపు తన గొంతును తనే మెచ్చుకుని, తర్వాత గుర్తొచ్చినట్టు అన్నాడు. "ఆ ముక్క మాత్రం తీసెయ్ అమ్మాయ్. ఆ ముసలోడి మనవడు ఇప్పుడు ఆఫీసరైనాడు. ఫంక్షన్‌కు పిలిచినాం. ముందు వరసలోనే కూర్చోబెడతాం."

నీళ్ల చెంబు చూసినప్పటి కంటే, ఆ మాటలు విన్నప్పుడు నాకు ఎక్కువ అసహ్యం వేసింది. ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికాను. అన్నది తనేనన్న గర్వం ఉంది, మనవడు వింటాడన్న జాగ్రత్త ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

"నేను తీయనన్నా. మొత్తం కావాలంటే ఇస్తా. వద్దంటే మీ క్యాసెట్లు మీరు తీసుకపోండి."

"ఏంది, నాకే నీతులు చెప్తాండావా?"

"నీతులు కాదు. నేను కత్తిరించను, అంతే."

ఆయన లేచాడు. క్యాసెట్లు తీసుకుని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"మీ నాయన ఉంటే మారుమాట లేకుండా చేసేవాడు. బుద్ధిమంతుడు ఆయన."

అది నిజమని ఇప్పుడే నా చెవులతో విన్నాను. వ్యాపారి తాగిన గ్లాసును పారేశాను. తర్వాత నేను చేసిన పనేమిటో తోచింది. అవతలివాడి ఎంగిలి అంటే చీదరించుకోవడం నాకూ బాగానే వచ్చు.

గిద్దలూరులోనే ఇంకో షాపులో ఆ క్యాసెట్లు మార్పించుకున్నారట. ఫంక్షన్‌కు వెళ్లొచ్చిన మా బంధువు చెప్పింది. బొమ్మ పచ్చగా వణుకుతూ వచ్చిందనీ, హోరు తప్ప ఒక్క మాటా అర్థం కాలేదనీ. ఆ ముక్కను కత్తిరించే అవసరమే రాలేదు. ఆఫీసరు ముందు వరసలో కూర్చుని, అందరితో పాటు చప్పట్లు కొట్టాడట. నాకు ఆ ఆఫీసరు మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు.

ఫైలు నా దగ్గర ఉండిపోయింది. చెరిపేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ మా నాయన ఫొటోలు ఎన్ని ఉన్నా ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి. మిగిలిన మాటలు ఆ రెండే. అట్లే సార్, తిప్పినా సార్.

ఒక ఆదివారం ఉండబట్టలేక అమ్మకు వినిపించాను. నాయన గొంతు ముక్క ఒక్కటే వినిపించాలనుకున్నాను గానీ, అంతకుముందు నేనే కత్తిరించనని చెప్పినదాన్ని కదా అని మొత్తం పెట్టాను. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆయన గొంతే" అంది. చెంగు దించి, "కెమెరా వాళ్లకు మాత్రం పందిట్లో పెట్టినారనుకున్నావా? అందరూ తిన్నాక, గాడిపొయ్యి పక్కన, మిగిలినవి పెట్టేవాళ్లు. ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. చొక్కాకు పొగ వాసన వస్తాంటే నాకే తెలిసేది" అంది.

"మరి నీకు కోపం రాలేదా అమ్మా?"

"కోపం వస్తే మర్నాడు పనికి ఎవురు పిలుస్తారే? ఆపు ఇంక దాన్ని" అని లేచి, బియ్యం కడగడానికి లోపలికి వెళ్లింది.