మా గ్రేసీ దురద

మా గ్రేసీ చిన్నప్పుడు... రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. స్నానానికి కూర్చోబెడితే ఒకటే మాట. "అమ్మమ్మా, ఇంకా వేడిగా పొయ్యి."

కాగులో వేపాకు మరిగించి, చన్నీళ్ళు కలిపి పోసేదాన్ని. అది చాలదనేది. మోచేతి మడతలు, మోకాళ్ళ వెనక, మెడ... చిట్లి రసి కారే చోటే కాలే నీళ్ళు కావాలి దానికి. పోసిన కాసేపు కళ్ళు మూసుకుని హాయిగా ఉండేది. ఒళ్ళు ఆరేలోగా మళ్ళీ గోకుడు, ముందుకంటే ఎక్కువగా...

గ్రేసీ మా అమ్మాయి కూతురు. తల్లీ తండ్రీ ఉద్యోగాల మీద బోనకల్‌లో ఉంటే, భద్రాచలం దగ్గర మా ఊళ్ళో నా దగ్గర చదువుకునేది. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఇంట్లో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండేది, దాని ఎగ్జిమాకు కూడా. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, ఎండుచేప వద్దు. ఆదివారం సున్నిపిండితో నలుగు. పిల్ల చిక్కిపోయింది... దురద మాత్రం చిక్కలేదు.

ట్యూబు మందు లేకపోలేదు. కానీ పైపూత రాస్తే రోగం లోపలికి పోయి ఉబ్బసం అవుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఎరుపు తగ్గిన మర్నాడే ట్యూబు బీరువాలోకి పోయేది. వారం తిరక్కుండా అంతా మళ్ళీ మొదటికి.

బళ్ళో పక్కన కూర్చునే పిల్లను వాళ్ళమ్మ వేరే బెంచీకి మార్పించింది. క్రిస్మస్ నాటికలో దేవదూత వేషం ఇస్తామని చెప్పి, తెల్ల గౌనుకు రసి అంటుతుందని ఇంకొకరికి ఇచ్చారు. గ్రేసీ ఏడవలేదు. ఆ సాయంత్రం వచ్చి, పలక కొనివ్వమన్నంత మామూలుగా అడిగింది.

"అమ్మమ్మా, దవాఖానల ఈ తోలు తీసి వేరేది ఎయ్యరా?"

మర్నాడు మొదటి బస్సుకే ఖమ్మం తీసుకెళ్ళాను.

అక్కడి చర్మం డాక్టరమ్మ ముందు స్నానం సంగతే అడిగింది. విని తల పట్టుకుంది. "టీచరమ్మా, కూర ఉడకబెట్టినట్టు ఉడకబెడుతున్నరు పిల్లను."

గోరువెచ్చని నీళ్ళు, జల్దీ స్నానం. నలుగు బంద్. తడి పూర్తిగా ఆరకముందే ఒళ్ళంతా మెత్తటి పూత. ఎర్రగా ఉన్న చోట ట్యూబు మందు, తను చెప్పేదాకా ఆపకూడదు. గుడ్డు పెట్టమంది.

"రోజంతా గోకకు గోకకు అంటరా?" అని అడిగింది.

అనకపోతే ఎట్లా అన్నాను.

"అన్నప్పుడల్లా దురద యాదికొస్తది. ఏం చెయ్యొద్దో కాదు, ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి."

దురద లేస్తే తడిగుడ్డ ఒత్తిపెట్టాలి, గుప్పిళ్ళు బిగించి ఊపిరి మెల్లగా వదలాలి, ఆ తర్వాత చేతులకు పనివ్వాలి... మా ఇంట్లో మధ్యాహ్నాలు మోదుగాకుల విస్తళ్ళు కుట్టేవాళ్ళం. దానికీ ఒక కట్ట ఇచ్చాను. మొదట్లో కుట్టే పుల్లతోనే మోచెయ్యి గోక్కుంది. ఏడుస్తూ కుట్టింది. 'గోకకు' అనకుండా పక్కన కూర్చోవడం నాకు ఉపవాసం కంటే కష్టమైంది.

మెల్లగా మడతల్లో చర్మం మూసుకుంది. పోయిందనను... గోదావరి పొంగే రోజుల్లో, పరీక్షలప్పుడు మళ్ళీ లేచేది. ఇప్పటికీ లేస్తుంది. కానీ ఆ ఎండాకాలం బట్టల కొట్లో నేను నిండు చేతుల గౌను తీస్తుంటే, పిల్ల నా చెయ్యి పక్కకు జరిపి పొట్టి చేతులది పట్టుకుంది.

ఇప్పుడు అందరూ కూర్చుని ఆకులు కుట్టే మధ్యాహ్నాలు ఏ ఇంట్లోనూ లేవు... దురదతో వేగే పిల్లలు మాత్రం ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి పిల్ల చేతికి ఏం పని ఇచ్చారో, ఇక్కడ రాయండి. ఏ అమ్మమ్మకో అవసరం పడుతుంది.