చిట్టమ్మ నవ్వు

టీవీలో కామెడీ వస్తున్నప్పుడు చిట్టమ్మ పక్కన కూర్చోకూడదు. మన నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. విశాఖ జాలారిపేటలో వాళ్ళ మేడ మీద గదిలో నేను అద్దెకు దిగి ఆరేళ్ళయింది. మాది అమలాపురం వైపు, పోర్టులో గుమస్తాని. సాయంత్రం టీ వాళ్ళింట్లోనే కాబట్టి ఆవిడ తీర్పులన్నీ నాకు కంఠతా వచ్చు.

ఆవిడ తెల్లవారకుండా హార్బరుకు వెళ్ళి వేలంపాటలో చేపలు కొంటుంది. కాలనీల్లో గుమ్మం గుమ్మం తిరిగి అమ్మి వచ్చి, కాళ్ళు చాపుకుని టీవీ ముందు కూర్చుంటుంది. ఆడవేషం వేసినవాణ్ణి చూసి, "ఈడు సీర కట్టినాడు గానీ నడక రాలేదు బాబూ. సేపల బుట్ట నెత్తినెట్టి ఓ గంట తిప్పితే అప్పుడొత్తాది" అంటుంది. జోకు సగంలో ఉండగానే పడీపడీ నవ్వే జడ్జీలంటే ఆవిడకి మంట. ఇక నవ్వు తక్కువైనప్పుడల్లా ఎవడో ఒకడు ఇక్కడి యాస అందుకుంటాడు చూడండి, అప్పుడు రిమోట్ విసిరేస్తుంది. "మనం ఆకలేత్తందన్నా ఆళ్ళకి నవ్వొత్తాది." ఆ కోపం నాకూ ఉంది. మా గోదావరి యాసని మాత్రం వదిలారా?

స్టాండప్ పోటీ ఒక్కటే ఆవిడకు నచ్చింది. వేషాలు లేవు, చెంపదెబ్బలు లేవు, ఒక మనిషి మైకు పట్టుకుని తన మాట తాను చెప్పుకోవాలి. కూతురు మహేశ్వరి అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో పని చేస్తుంది. ఆ పిల్ల పోటీకి ఎంపికైందని తెలిసినప్పుడు చిట్టమ్మ ఒకటే చెప్పింది. "ఎవుల్నీ ఎక్కిరించకు. మనింటి సంగతి సెప్పు."

తల్లి మాటే విన్నది మహేశ్వరి. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్ళింటి సంగతంటే అప్పలరాజు సంగతే, మహేశ్వరి తండ్రి. నాలుగేళ్ళ కిందట వేటకు వెళ్ళిన పడవ గాలివానలో చిక్కుకుంది. పడవా రాలేదు, మనిషీ దొరకలేదు. కళ్ళతో చూడందే కర్మ చెయ్యనివ్వనని అతని తల్లి నూకాలు అడ్డం కూర్చుంది. కోడలి గాజుల మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అతన్ని పోయాడు అనరు. "ఏటకెల్లినాడు" అంటారు. నేనొకసారి నోరు జారితే రెండు నెలలు ముసలమ్మ నా ముఖం చూడలేదు.

రికార్డింగు విశాఖలోనే, ఒక హాల్లో. నేనూ చిట్టమ్మా వెళ్ళాం. ఇంకా ఎవరూ స్టేజి ఎక్కకముందే ఒకావిడ వచ్చి ప్రేక్షకులందర్నీ గట్టిగా నవ్వమంది. నవ్వులు ముందే తీసిపెట్టుకుని, తర్వాత కావలసిన చోట అతికిస్తారట. నాకు ఒళ్ళు మండింది. చిట్టమ్మ మాత్రం రోజూ బేరగాళ్ళతో వేగే మనిషి, అడిగితే నవ్వగలదు. తల వెనక్కి వేసి ఫెళ్ళున నవ్వింది. కెమెరా ఆవిడ మీదే ఆగింది.

తర్వాత మహేశ్వరి వచ్చింది. "మా నాన్నకి మా మామ్మ రోజూ కంచం ఎడతాది. తెల్లారి ఆ కూర నాకెడతాది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క ముక్క మిగల్సని మనిషి, పోయినాక రోజూ నాకు సేపల కూర ఎడతన్నాడు."

హాలు చప్పట్లతో అదిరింది. నేనూ నవ్వాను, వెంటనే సిగ్గేసింది. చిట్టమ్మ చెంగు నోట్లో కుక్కుకుని కదలకుండా కూర్చుంది.

ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. "పోయినాక అన్నాది బాబూ. ఆ మాట సెవినబడితే మా అత్త బతకదు. ఆ ముక్క కోసెత్తారా?" కోస్తారన్నాను. నాకేం తెలుసని అన్నానో!

కొయ్యలేదు. ఆ ముక్క తీసెయ్యమని మహేశ్వరి ఏడుస్తూ ఫోన్ చేస్తే, అదే బాగా వచ్చిందన్నారట టీవీ వాళ్ళు. మూడు వారాలు చిట్టమ్మకు అన్నం సయించలేదు. ప్రసారమయ్యే రోజున అత్తని సింహాచలం పంపాలని చూసింది. "మనవరాలు టీవీలో అవుపడతాదంటే నాను కొండెక్కాలేటి?" అంది నూకాలు. సాయంత్రానికి వీధి వీధంతా వాళ్ళ టీవీ గదిలోనే ఉంది. ముసలమ్మ అందరికన్నా ముందు, టీవీకి మూరెడు దూరంలో.

మహేశ్వరి గడప దగ్గరే నిలబడిపోయింది. తెరమీద ఆమె మాట్లాడుతుంటే నేను ఒక్కో మాటా లెక్కపెడుతున్నాను. కంచం వచ్చింది. కూర వచ్చింది. ఆ మాటా వచ్చింది.

వెంటనే తెర నిండా చిట్టమ్మ, తల వెనక్కి వేసి ఫెళ్ళున నవ్వుతూ.

నూకాలు మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"అత్తా, అది అప్పుడు నవ్వింది కాదు. ముందే నవ్వమన్నారు..." అంది చిట్టమ్మ.

"నిజం మామ్మా, నేను పక్కనే ఉన్నాను" అన్నాను. జోకు వినకముందే ఎవరు నవ్వుతారు? నా మాట నాకే అబద్ధంలా వినిపించింది.

నూకాలు చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. కోడలి ముఖంలోకి చూసింది.

"ఆడు రాడని నీకూ తెలుసునేటే?"

చిట్టమ్మ తల దించుకుంది.

"నాకు ఆ గాలివానప్పుడే తెలిసిపోనాది" అంది నూకాలు. "నువ్వు ఎదురు సూత్తన్నావనుకున్నాను. ఆశ తుంచేత్తే నువ్వు బతకవని నోరు మూసుకున్నాను. నాలుగేళ్ళు నా కొడుకు కోసం ఒక్కద్దాన్నే, ఎవులూ సూడకుండా ఏడిసినాను."

చిట్టమ్మ కూలబడి ఆవిడ ఒళ్ళో తల పెట్టింది. ఆ ఏడుపు నేను వినలేకపోయాను. నా కళ్ళూ ఆగలేదు, దాచుకోను. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్ళిపోయారు. మహేశ్వరి గడప దాటి లోపలికి వచ్చి, వాళ్ళిద్దరి పక్కన నేల మీద కూర్చుంది.