మా అమ్మ వండినవి కుక్కగొడుగులు కావు

మా చిన్నప్పుడు... మా అమ్మ కుక్కగొడుగులు వండిపెట్టి చుట్టాలను చంపబోయిందట. పామర్రులో ఉండే మా మేనత్త కొడుకు, మా బావ, ఈ మాట ప్రతి పెళ్ళిలోనూ చెప్పి నవ్విస్తాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ విని తలవంచుకుంది. ఇప్పుడు అమ్మ లేదు... మొన్న ఇక్కడ, నలుగురూ చూసే ఈ గ్రూపులో, మళ్ళీ రాశాడు.

నాకు చదువు అంతంతమాత్రం. అయినా రాస్తాను.

మాది ఘంటసాల పక్క పల్లె. తొలకరి ఉరుములు ఉరిమిన మర్నాడు చేలగట్టు మీది చెదపుట్ట చుట్టూ పుట్టగొడుగులు లేచేవి... కాడ పొడుగ్గా, కొరికితే మాంసంలా గట్టిగా. బావ చెప్పే ఆ రోజు పొద్దున అమ్మ వాటిని తట్టనిండా తెచ్చింది.

అదే రోజు మేనత్త, బావ బస్సు దిగారు. వాళ్ళ గడ్డివాము అడుగున మొలిచిన గొడుగులను ముందురోజు కోసి, తువ్వాలులో మూటగట్టి తెచ్చారు. వాము గొడుగు మొగ్గగా ఉన్నప్పుడు వెన్న... పూట దాటితే విచ్చుకుని నీరుగారిపోతుంది. మూట విప్పగానే వాసన కొట్టింది.

"నిన్నటివి కదా వదినా, పారేద్దాం," అంది అమ్మ.

"మా వాములో పుట్టినవాటికి వంకలు పెడతావటే? మీ పుట్టవే బంగారమా?" అంది మేనత్త.

ఆడపడుచు తెచ్చినదాన్ని పొయ్యెక్కించకపోతే ఆ రోజుల్లో కోడలికి బతుకు లేదు. అమ్మ పుట్టవి మట్టిదాకలో, వామువి సత్తుగిన్నెలో, విడివిడిగా వండింది. అమ్మా నాన్నా నేనూ దాకలోవి తిన్నాం. మాకేం కాలేదు. బావ "మావే రుచి, మావే రుచి" అంటూ వాళ్ళమ్మతో కలిసి గిన్నె ఊడ్చాడు... సాయంత్రానికి తల్లీకొడుకులిద్దరూ పెరట్లో కూలబడ్డారు.

మేనత్త తేరుకోగానే ఊరంతా చెప్పింది, మరదలు కుక్కగొడుగులు పెట్టిందని. నాన్న తన అక్కను ఒక్క మాట అనలేదు. అమ్మ మళ్ళీ ఆ పుట్ట వైపు వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ గట్లన్నీ రొయ్యల చెరువులు. గడ్డిని మిషన్లు చుట్టలు చుట్టి పట్టుకుపోతున్నాయి. పుట్టా లేదు, వామూ లేదు... డబ్బాల్లో వచ్చేవాటికి ఏ రుచీ లేదు. ఆ రెండు రకాల గొడుగులూ తిన్నవాళ్ళుంటే, మీ ఇంట్లో దేన్ని ఎలా వండేవారో కింద రాయండి.

బావా, నువ్వు మాత్రం ఒక్కటే రాయి. ఆ రోజు నువ్వు తిన్నది దాకలోదా, గిన్నెలోదా? వచ్చే ఆదివారం పొద్దుగూకేలోగా, నువ్వు నవ్విన ఈ చోటే, నాకు జవాబు కావాలి.