కిటికీ అనగా

పురపాలక కార్యాలయంలో ఆవిణ్ణి అందరూ అర్థాలక్కయ్య అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. న్యాయ విభాగంలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. ఊరికి ఏ కొత్త నిబంధన వచ్చినా, అందులో ఏ మాటకి ఏం అర్థమో చెప్పే మొదటి అధ్యాయం ఆవిడ రాయాలి. ప్రహరీ అనగా, వీధి అనగా, చెత్త అనగా. చెత్తకి ఏడు పంక్తులు రాసినప్పుడు, "అక్కయ్యా, చెత్త గురించి ఇంత మర్యాదగా ఎవరూ రాసుండరు" అని పక్క బల్ల గుమాస్తా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఒక్క మాట వదులుగా ఉందంటే మనుషులు అందులోంచి జారిపోతారయ్యా" అంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఇదే మాట చెప్పి విసిగించేది.

ఆ ఏడు ఆవిడ బల్ల మీదికి అద్దె ఇళ్ళ ప్రమాణాల నిబంధన వచ్చింది. గది ఎంత ఎత్తుండాలి, నీళ్ళు ఎలా రావాలి, మెట్లకి చేపట్టు ఉండాలా వద్దా, ఇవన్నీ ఇంజనీర్లు తేల్చేశారు. అద్దెకిచ్చే ప్రతి పడకగదికీ కిటికీ ఉండి తీరాలని కూడా రాశారు. లేకపోతే ఆరు నెలల్లో పెట్టించాలి, పెట్టించడానికి వీల్లేకపోతే ఆ గది అద్దెకివ్వకూడదు. మరి కిటికీ అంటే ఏమిటి? ఆ మాట అర్థాలక్కయ్య చెప్పాలి.

ఆవిడ ఇలా రాసింది: "కిటికీ అనగా, ఆరుబయటి గాలి, వెలుతురు నేరుగా గదిలోకి వచ్చే విధంగా బయటి గోడకు అమర్చిన, తెరిచి మూయగల తెరపి." పైకి రెండుసార్లు చదువుకుంది. ఎక్కడా సందు లేదు. ఆ సాయంత్రం హాయిగా ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర మొగుడికి ఆ సంగతి చెప్పింది. ఆయన బస్సుల డిపోలో సామాన్ల గదికి కాపలా గుమాస్తా. పెద్దగా మాట్లాడే మనిషి కాడు. ఆయన తినడం ఆపి, "అయితే మన వెనకగదికి కిటికీ లేనట్టేగా?" అన్నాడు.

ఆవిడ నోటి దగ్గరి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

వెనకగదిని మామగారు సామాన్లు పడెయ్యడానికి కట్టించాడు. రెండు వైపులా పక్కిళ్ళ గోడలు, మూడో వైపు వెనకింటి గోడ. నాలుగో గోడకి మూరెడు వెడల్పున రెక్కల తెరపి ఒకటి ఉంది. అది తీస్తే వీళ్ళ మెట్ల కింద చీకటి కనిపిస్తుంది, అంతే. ఆ గదిలో పదకొండేళ్ళుగా పళ్ళ బాబాయి అద్దెకుంటున్నాడు.

పళ్ళ బాబాయి చుట్టం కాదు. పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు తయారు చేసిచ్చే పనివాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. గదంతా మైనం వాసన, తెల్ల పొడి. "ఒకరి పళ్ళ రంగు ఇంకొకరికి ఉండదమ్మాయ్. బల్బు కింద పెడితే అన్నీ తెల్లగానే ఉంటాయి. పగటి వెలుతురే నిజం చెబుతుంది" అనేవాడు. అందుకని రోజుకి పదిసార్లు పళ్ళ వరస అరచేతిలో పెట్టుకుని వీధిలోకి వచ్చి, ఆకాశం వైపు పట్టి చూసుకునేవాడు. వీధికి కొత్తగా వచ్చిన వాళ్ళు జడుసుకునేవారు. పాతవాళ్ళు, "ఏం బాబాయ్, ఇవాళ ఎవరు నవ్వుతున్నారు?" అని పలకరించేవారు.

అత్తగారికి పళ్ళూడిపోయి, సిగ్గుతో మనుషుల్లోకి రావడం మానేసిన రోజుల్లో, ఆవిడకి పళ్ళు కట్టింది ఈయనే. కొత్త పళ్ళతో అత్తగారు మొట్టమొదట చేసిన పని కోడల్ని తిట్టడం. "పట్టు బాగానే కుదిరింది" అని బాబాయి తృప్తిగా తలూపాడు. అత్తగారి ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో వంతులు వేసుకుని కూర్చున్న ముగ్గురిలో ఆయనొకడు.

"ఈ వయసులో ఆయనకి గది ఎవరిస్తారు?" అన్నాడు మొగుడు.

ఆఫీసుకు వెళ్ళి చిత్తుప్రతి తీసింది. 'ఆరుబయటి' కొట్టేసింది. 'నేరుగా' కొట్టేసింది. 'బయటి గోడకు' అన్నచోట 'గోడకు' మిగిల్చింది. మూడు మాటలు. పోయినా వాక్యం కుంటుపడలేదు, ఇంకా సాఫీగా తయారైంది. కలం ఎక్కడా ఆగలేదు. తర్వాత రోజుల్లో ఆవిణ్ణి ఎక్కువ కాల్చుకుతిన్నది అదే.

బాబాయి కోసమే చేశాననుకుంది. అబద్ధం కాదు. కానీ అది సగం నిజమే. ఎవరో టేపు పట్టుకొచ్చి తన ఇంటి గోడలు కొలిచి, నిబంధన రాసినావిడ గదే నిబంధనకి పనికిరాలేదని రాసుకుపోతారన్న భయం మిగతా సగం.

నిబంధన చెక్కుచెదరకుండా అమల్లోకి వచ్చింది. "ఈసారి కుదించి రాశారు, బాగుంది" అని అధికారి మెచ్చుకున్నాడు కూడా.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం పళ్ళ బాబాయి గ్రంథాలయం నుంచి నిబంధన ప్రతి ఒకటి తెచ్చుకుని, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే ఇంట్లోకి వచ్చాడు.

"అమ్మాయ్, ఇది నువ్వు రాసిందేగా? కిటికీ సంగతి చూశాను. ఇది వచ్చిందన్నప్పట్నుంచీ నాకు ఒకటే దిగులు. నా గది పోతుందేమో, మీకేమైనా మాటొస్తుందేమోనని. ఇదిగో, 'గోడకు అమర్చిన, తెరిచి మూయగల తెరపి' అంటే మనదీ కిటికీయేగా?"

"అవును బాబాయ్."

"హమ్మయ్య! అధికార్లకి మన బతుకులు తెలీవనుకున్నానే. తెలిసినదానివి నువ్వు రాయబట్టి సరిపోయింది" అని పకపకా నవ్వాడు. ఆవిడ కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, గిన్నె చేతిలో పట్టుకుని ఊరికే నిలబడిపోయింది.

ఆ వేసవి చివర్లో ఒక ఫిర్యాదు వచ్చింది. రాసింది ఇస్త్రీ దుకాణంలో పనిచేసే మనిషి. తల్లితో కలిసి పెద్ద మేడలో ఒంటిగదిలో ఉంటోంది. "మా గదికి కిటికీ ఉందని మీ తనిఖీ ఆయన రాసుకెళ్ళాడు. దాన్ని తెరిస్తే ఆరు కుటుంబాల మరుగుదొడ్లుండే వరండా. మూస్తే మా అమ్మకి ఊపిరాడదు. అది కిటికీ ఎలా అయిందో దయచేసి చెప్పగలరు." జవాబు తయారు చెయ్యమని ఆ కాగితం అర్థాలక్కయ్య బల్ల మీదికే వచ్చింది.

ఆవిడ జవాబు రాసింది. తను రాసిన నిర్వచనాన్నే ఎత్తి రాసి, 'కావున సదరు తెరపి కిటికీయే' అని ముగించి పంపేసింది.

వారం తిరిగేసరికి ఆ మనిషి ఉత్తరం పట్టుకుని ఆఫీసుకే వచ్చింది. చేతుల మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన పాత మచ్చలు. గొంతు పెంచలేదు.

"అమ్మా, అర్థాలు చెప్పేది మీరేనన్నారు. ఇందులో గాలి వచ్చే విధంగా అని ఉంది కదా. మా గదిలోకి వచ్చేది గాలేనా? మీరొకసారి వచ్చి చూసి చెప్పండి. మీరు గాలేనంటే ఇంక మాట్లాడను."

వెళ్ళక తప్పలేదు. మూడో అంతస్తు. తల్లి గదిలో లేదు. మెట్ల మీద, గోడకి వీపు ఆనించి కూర్చుని, రొప్పుతోంది. "వేసవంతా ఇక్కడే కూర్చుంటోంది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు తిట్టుకుంటారు" అంది కూతురు. అర్థాలక్కయ్య లోపలికెళ్ళి రెక్క తీసింది. ముక్కు మూసుకోకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించింది గానీ, చెయ్యి దానంతటదే లేచింది. రెక్క మూసేసింది. తన మెట్ల కిందికి తెరుచుకునే రెక్క కళ్ళ ముందు మెదిలింది.

"చెప్పండమ్మా" అంది ఆ మనిషి.

"గాలి కాదు" అంది అర్థాలక్కయ్య. ఇంకేం చెప్పడానికీ మొహం చెల్లక గబగబా మెట్లు దిగేసింది.

తనిఖీ పుస్తకాలు తీయిస్తే లెక్క తేలింది. వరండాల్లోకి, మెట్ల కిందికి, పక్క గదుల్లోకి తెరుచుకునే కిటికీలున్న గదులు ఊళ్ళో నూటికి పైగా ఉన్నాయి. అన్నీ సక్రమమే. ఆవిడ అధికారి గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. వెనకగది సంగతితో సహా.

అధికారి చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "పదకొండు మంది సంతకాలు పెట్టాం. ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడు మీరు కావాలని చేశారని రాస్తే మీ ఉద్యోగం పోతుంది, నిబంధన కోర్టుకెక్కుతుంది, కిటికీలు మాత్రం రావు. నకలు తీసేటప్పుడు మూడు మాటలు జారిపోయాయని రాద్దాం. సవరణ తొందరగా అయిపోతుంది."

"అది అబద్ధం కదండీ."

"మీకు నిజం చెప్పిన తృప్తి కావాలా, వాళ్ళకి కిటికీలు కావాలా?"

ఆవిడ సంతకం పెట్టింది. ఒక తప్పు దిద్దడానికి ఇంకో తప్పు మీద సంతకం పెట్టానని మెట్లు దిగుతున్నంతసేపూ అనుకుంటూనే ఉంది.

ఇంక బాబాయికి చెప్పాలి. రెండు రోజులు ఆయనకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగింది. మూడో రోజు సాయంత్రం గడప దగ్గర నిలబడి చెప్పేసింది. మూడు మాటల సంగతీ, మెట్ల మీద కూర్చున్న ముసలావిడ సంగతీ, సవరణ వస్తే ఈ గది అద్దెకివ్వడానికి కుదరదన్న సంగతీ. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

బాబాయి చేతిలోని మైనం ముద్ద కింద పెట్టాడు. "అంటే, నా ఒక్కడి గది కోసం అంతమంది..." అని ఆగిపోయాడు. చేతులు తుడుచుకుంటూ, "ఆ ముసలావిడకి ఉబ్బసమా?" అని అడిగాడు.

"మీ తప్పేముంది బాబాయ్? చేసింది నేను."

"అప్పుడే ఒక్క మాట అనుంటే నేనే ఖాళీ చేసేవాణ్ణి కదమ్మా. పైగా పుస్తకం పట్టుకొచ్చి సంబరపడ్డాను కూడా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేక ఆవిడ తలదించుకుంది. తన నెత్తిన ఉండాల్సిన బరువు, పాపం ఎరగని మనిషి నెత్తిన పెట్టానని అప్పుడర్థమైంది. మళ్ళీ దించడం ఎలాగో తెలియలేదు.

సవరణ రావడానికి ఇంకా ఏడు నెలలుంది. బాబాయి రెండు వారాల్లోనే వెళ్ళిపోయాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఆవిడ మొగుడు తెలిసినవాళ్ళనల్లా అడిగి ఊరి చివర మేడ మీద ఒక గది కుదిర్చాడు. దానికి రెండు కిటికీలు. సామాను తోపుడుబండి మీద కడుతూ బాబాయి, "ఇంక ఆకాశం కోసం వీధిలోకి రానక్కర్లేదు" అని నవ్వబోయాడు గానీ కుదర్లేదు. ఆవిడ నెలకోసారి వెళ్ళి చూసొచ్చేది. అక్కడ ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాళ్ళెవరూ లేరు. పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని ఆయన గొంతు చెప్పేసేది. వెళ్ళినప్పుడల్లా ఆయన మొదట అడిగేది ఒకటే, "ఆ ముసలావిడకి కిటికీ వచ్చిందా?"

సవరణ వచ్చింది. కొన్ని గోడలు పగిలి కిటికీలయ్యాయి. కొన్ని గదులకి తాళాలు పడ్డాయి, వాటిలో ఉన్నవాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని ఎటు పోయారో ఎవరూ రాసిపెట్టుకోలేదు. తనిఖీవాళ్ళు అర్థాలక్కయ్య ఇంటికీ వచ్చారు. వెనకగది పనికిరాదని రాసిన కాగితం మీద ఆవిడే సంతకం పెట్టి తీసుకుంది.

ఇస్త్రీ దుకాణం మనిషికి వెనక సందు వైపు కిటికీ వచ్చింది. ఆ మాట చెప్పడానికే ఒక మధ్యాహ్నం ఆఫీసుకొచ్చింది.

"మీ దయమ్మా. అమ్మ గదిలోనే నిద్రపోతోంది ఇప్పుడు. ఎవడో నకలు గుమాస్తా మాటలు మింగేశాడటగా? వాడి చేతులు పడిపోను!"

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. అర్థాలక్కయ్య లేచి ఆ మనిషిని వరండాలోకి తీసుకెళ్ళింది.

"నకలు గుమాస్తా ఎవరూ లేరమ్మా. ఆ మాటలు కొట్టేసింది నేనే. పొరపాటున కాదు, తెలిసే. మా ఇంట్లో కూడా అలాంటి గది ఉంది."

ఆ మనిషి మొహంలోని నవ్వు మెల్లగా దిగిపోయింది. "మీరు వచ్చి చూశారు కదా. మా అమ్మ మీ ముందే మెట్ల మీద కూర్చుంది. అప్పుడూ చెప్పలేదు" అంది.

"చెప్పలేదు."

"ఇప్పుడెందుకు చెప్పారు? సంతోషంగా వచ్చాను."

ఆ మనిషి కొంగు సర్దుకుని, వస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆఫీసుకు రాలేదు.

అర్థాలక్కయ్య ఇంకో మూడేళ్ళు పనిచేసింది. ప్రతి చిత్తుప్రతి చివర, ఈ మాట వల్ల తనకి గాని తనవాళ్ళకి గాని లాభమో నష్టమో ఉంటే అది ఒక పంక్తిలో రాసి ఇచ్చేది. ఎవరూ అడగలేదు. అధికారి మాత్రం, "ఇవన్నీ ఎందుకండీ, ఫైలు బరువు పెంచడం తప్ప" అని విసుక్కుంటూనే, చింపకుండా దారంతో కుట్టించి పెట్టేవాడు.