సనోబర్ టీచర్ చెప్పిన మూడు మాటలు

కారేపల్లిలో సనోబర్ టీచరంటే మొండి మనిషని పేరు. ఆ పేరు ఆమె బడిలో చేరకముందే వచ్చింది. తండ్రి జానీ మియా దర్జీ. ఆయన మిషన్ పక్కన కూర్చుని కాజాలు కుడుతూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసింది. చదువు మానాలన్న పెళ్లిచూపులవాళ్లకు టీ ఇచ్చి సాగనంపింది.

ఇప్పుడు ఓ ప్రైవేటు బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతోంది. శనివారం తల్లిదండ్రుల సమావేశం. ‘హ్యాండ్’ అన్న ఒక్క మాట మీద ఇంగ్లీషువాళ్లు అల్లుకున్న జాతీయాలన్నీ పిల్లలు గడగడా అప్పజెప్పాలన్నాడు బడి యజమాని బసవపున్నయ్య. లేకుంటే ఆమెను సోమవారం నుంచి రావద్దన్నాడు.

జానీ మియా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. పని నేర్చుకునేవాళ్లు ముందు పాత గుడ్డ మీద కాజా కుట్టాలి. గుండీ పెట్టి లాగినా అది నిలిస్తేనే రెండో పని. సనోబర్ కూడా అట్లాగే చెప్పింది. ‘గివ్ మీ ఎ హ్యాండ్’ అంటే కాస్త సాయం పట్టమనడం. పిల్లలు బెంచీలు జరుపుతూ, నీళ్ల క్యాను ఎత్తుతూ ఒకరినొకరు అదే మాట అడిగారు. అది నోటికి అలవాటయ్యాకే రెండోది. శనివారం నాటికి మూడే అయ్యాయి.

"ఈ ఒక్కసారికి బట్టీ పట్టియ్యి బేటీ, నీ సొమ్మేం పోతది" అన్నాడు జానీ మియా.

"లాగితే ఊడే కచ్చాకుట్టు మీదున్న అంగీని నువ్వు గిరాకీకి ఇస్తవా అబ్బా?"

ఆయన తల వంచి మిషన్ తొక్కాడు.

సమావేశంలో సనోబరే ముందు లేచింది. బట్టీ పట్టించలేదని, మూడే నేర్పానని, వాటితో పిల్లలను మాట్లాడించి చూడమని చెప్పింది. ఆటో నడిపే పూల్‌సింగ్ కూతురు మోతీ లేచి నిలబడింది. ఆటో చెడిపోయినప్పటినుంచి తమ ఇల్లు ‘హ్యాండ్ టు మౌత్’ అని తడబడుతూ ఇంగ్లీషులో చెప్పింది. ఏ పూటది ఆ పూటకే సరిపోతోందని దాని అర్థం. మోతీ అదే తెలుగులో చెప్పాక పూల్‌సింగ్ తల దించుకున్నాడు.

"చూశారా, టీచర్ మీ పరువు ఎలా తీయించిందో" అన్నాడు బసవపున్నయ్య.

పూల్‌సింగ్ తలెత్తాడు. "ఇంటి సంగతి గిక్కడ చెప్పుడు నాకు మంచిగనిపియ్యలే సార్. గని బిడ్డ సొంతంగ మాట్లాడింది. గట్లనే నేర్పనియ్యండి."

బసవపున్నయ్య వినలేదు. సోమవారం రావాల్సిన పని లేదని సనోబర్‌కు చెప్పేశాడు.

"వస్త సార్. పంపియ్యాలంటే పిల్లల ముందట, ఎందుకో చెప్పి పంపియ్యండి."

సోమవారం సనోబర్ బడికి వచ్చింది. బసవపున్నయ్య తరగతి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. వెనక బెంచీ మీద పూల్‌సింగ్, ఇద్దరు తల్లులు ఆమెకు తోడుగా కూర్చుని ఉన్నారు. వాళ్లను చూసి ఆయన వెనుదిరిగాడు. సనోబర్ చాక్‌పీసు తీసుకుని నాలుగో మాట రాసింది.