తుర్దికుల్ గారు నిండా పోసిన రోజు

మా నాన్న తుర్దికుల్ గారు ఎనభై రెండేళ్ల జీవితంలో అతిథికి గిన్నె నిండా టీ పోసింది ఒకే ఒక్కసారి.

మా మర్గిలాన్‌లో టీ ఎంత తక్కువ పోస్తే అంత మర్యాద. తాగేకొద్దీ మళ్ళీ పోస్తాం, వచ్చినవాడు కూర్చునే ఉంటాడు. నిండా పోశామంటే "తాగి ఇక దయచేయండి" అని అర్థం. ఇది ఊరందరి మర్యాదే. మా నాన్నకి మాత్రం ముదిరి పిచ్చయింది. ఆయన పోసిన టీలో ఈగ పడ్డా కాళ్లు తడిసేవి కావు. పొద్దున్నే కత్తెర అడగడానికి వచ్చిన పక్కింటి రఖ్మతుల్లా మాస్టారు మధ్యాహ్నం పలావు తిని, సాయంత్రం ద్రాక్షపళ్లు తిని, కత్తెర మర్చిపోయి వెళ్లేవారు.

"మామా, ఇంటి దగ్గర మేకలు అరుస్తుంటాయి" అనేవారు మాస్టారు.

"అరవనీ. గిన్నె ఇలా ఇవ్వు."

"మీరు చుక్కలు పోస్తారు, నేను బిందెలు మోస్తాను!" అని వంటింట్లోంచి మా అమ్మ కేకలు.

నా కూతురు నఫోసత్‌కి తాష్కెంట్‌లో వంతెనలు కట్టే చదువులో సీటొచ్చింది. ఆ వారమే పట్టుమగ్గాల సోదిక్ గారు తన కొడుక్కి దాన్ని చేసుకుంటామంటూ దిగారు. నేను పనిచేసేది ఆయన మగ్గం మీదే. ఆయన ముందు నాకు నోరు పెగలదు. తెల్లగుడ్డలో రెండు రొట్టెలు తెచ్చారు. పెద్దలు కూర్చుని ఆ రొట్టె విరిచారంటే సంబంధం ఖాయం, ఇక వెనక్కి పోవడం ఉండదు.

"మరి పిల్ల చదువు..." అని గొణిగాను.

"వంతెనలు కట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు లేవయ్యా. పోయినేడు మా ఆవిడ పోయాక ఇల్లు బావురుమంటోంది. ఇంట్లో మనిషి అలికిడి కావాలి" అంటూ సోదిక్ గారు రొట్టె చేతిలోకి తీసుకున్నారు.

తలుపు వెనక నఫోసత్ వెక్కుతోంది. కన్నతండ్రినై ఉండి నేను కూర్చున్న బొంత మీద పువ్వులు లెక్కపెడుతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు నాన్న టీ ఒంపారు. ఒంపుతూనే ఉన్నారు. సగం అయింది, ముప్పాతిక అయింది, అంచు దాకా వచ్చింది!

"నాన్నా, చెయ్యి జారిందా?"

"నా చెయ్యి అరవై ఏళ్లుగా జారలేదురా. తీసుకో నాయనా, సోదిక్."

సోదిక్ గారు ఆ గిన్నె వంక చూశారు. రొట్టెలు మళ్ళీ గుడ్డలో కట్టుకుని, టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయారు.

"అమ్మయ్య! ఈయనకి నిండా పోయడం వచ్చు!" అంది మా అమ్మ.

నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. నాన్న మాత్రం టోపీ పెట్టుకుని తిన్నగా సోదిక్ గారింటికి నడిచారు. గంటలో ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

"ఇల్లు ఖాళీ అయిందనేగా నా మనవరాలిని అడిగావు? పిచ్చోడా, రోజూ ఇక్కడికి రా!" అని గిన్నెలో చుక్క పోశారు.

ఆ పూట సోదిక్ గారు పద్దెనిమిదిసార్లు పోయించుకున్నారు. ఇంట్లో మేకలు తప్ప మరెవరూ లేని మాస్టారిని నాన్న సాయంత్రం దాకా ఎందుకు కదలనిచ్చేవారు కాదో నాకప్పుడు తెలిసింది.

నఫోసత్ ప్రయాణం రోజున కూడా ఆయన చుక్కలే పోశారు. నిండా పోస్తే పొమ్మన్నట్టు కదా!

"తాతయ్యా, బస్సు!"

"ఇంకొక్కటేనమ్మా."

బస్సు వెళ్లిపోయింది. చివరికి సోదిక్ గారే కారు తీసి దాన్ని తాష్కెంట్‌లో దింపి వచ్చారు.

నాన్న పోయి మూడేళ్లయింది. నిన్న మా కాలువ మీద నఫోసత్ కట్టిన వంతెన తెరిచారు. అందరికంటే ముందు సోదిక్ గారే ఛాతీ విరుచుకుని దాని మీద నడిచారు, తనే కట్టినట్టు! తర్వాత అందరం మా ఇంటికొచ్చాం. నఫోసత్ తాతయ్య చోట కూర్చుని టీ పోసింది. ఎవరి గిన్నెలోనూ అడుగు తడవలేదు.

"నాకు మగ్గాల దగ్గర పనుందమ్మా" అన్నారు సోదిక్ గారు.

"ఉండనీండి మామయ్యా. గిన్నె ఇలా ఇవ్వండి" అంది నా కూతురు.